పాప ఫ్రెండ్ వాళ్లు విక్కన్లట, మా తెలుగు గ్రూపులో ఒకటే గోల

మిడ్లోథియన్_రాధ
ఒళ్లు మండి రాస్తున్నా, పొడుగైతే ఓపిక పట్టండి. మా పాప ఎనిమిదో క్లాసు. దాని క్లాసమ్మాయి ఒకతి దసరాకి బొమ్మల కొలువు చూస్తానని మా ఇంటికొచ్చింది. వాళ్లమ్మ కూడా వచ్చింది. వాళ్లది విక్కా అనే మతం, ఆవిడ తనని తాను మంత్రగత్తె అనే చెప్పుకుంటుంది. ఆవిడ చెప్పులు బయట విప్పి, కొలువు ముందు నేల మీద కూచుని, ఒక్కో మెట్టు మీద ఉన్న బొమ్మ ఎవరిదో, కథేంటో అడిగి తెలుసుకుంది. మహిషాసురమర్దిని దగ్గరైతే ఎంతకీ లేవలేదు. బొట్టు పెట్టించుకుంది, తాంబూలం తీసుకుంది. మెళ్లో వెండి గొలుసు, దానికి గుండ్రటి చక్రంలో ఐదు కోణాల నక్షత్రం. అది చూసి మనవాళ్లలో ఒకావిడ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి "అది సైతాను గుర్తు, నీకు తెలీదా" అంది.

అక్కణ్ణుంచి మొదలు. మా కాలనీ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపు నిండా అదే. "ఆవిడ చేతబడి చేస్తుందట", "అలాంటిదాన్ని అమ్మవారి ముందు కూచోబెట్టింది చూడు". వచ్చే నెల పాప పుట్టినరోజు, ఆ పిల్ల వస్తే మా పిల్లల్ని పంపం అని ఇద్దరు ముందే చెప్పేశారు. ఆ పిల్లని పిలవకుండా ఉండే ప్రసక్తి లేదు. కానీ వీళ్లకి నేనేం చెప్పాలి? విక్కా గురించి సరిగ్గా తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?

బుల్లెట్_బాబాయ్
పిల్లల విషయంలో రిస్కెందుకమ్మా. అమెరికాలో సైతాను పూజలు చేసేవాళ్లున్నారని వింటూనే ఉన్నాం. నిప్పు లేందే పొగ రాదు.

లీడ్స్_లక్ష్మి
బాబాయ్ గారూ, విక్కాలో సైతాను అనేవాడే లేడు. సైతాను క్రైస్తవంలో ఉన్నవాడు. ఆ మతమే కాని వాళ్లు ఆ మతపు సైతానుని ఎందుకు పూజిస్తారు? వీళ్లకి ఒక దేవి, ఒక కొమ్ముల దేవుడు. దేవి చంద్రుడితో ముడిపడి ఉంటుంది, దేవుడు అడవితో, వేటతో. ఆ కొమ్ములు చూసే చాలామంది సైతాను అనేసుకుంటారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1966లో ఆంటన్ లావే పెట్టిన చర్చ్ ఆఫ్ సేటన్ పూర్తిగా వేరు, దీనితో ఏ చుట్టరికమూ లేదు.

ఇది మా ఇంగ్లండులో పైకొచ్చిన మతం. జెరాల్డ్ గార్డ్‌నర్ అని, మలయాలో (ఇప్పటి మలేషియా) కస్టమ్స్ ఉద్యోగం చేసి 1936లో రిటైరైనాయన. ఇక్కడ 1735 నాటి మంత్రవిద్య చట్టం 1951 దాకా రద్దు కాలేదు. అది పోయాక, 1954లో ఆయన పుస్తకం వేసి ఈ సంగతి లోకానికి చెప్పాడు. డోరీన్ వాలియంటే అనే ఆవిడ పూజా పాఠాలు చాలావరకు తిరగరాసింది. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్స్ కలిపి సుమారు 13 వేల మంది మతం దగ్గర విక్కా అని రాశారు, సుమారు 74 వేల మంది పేగన్ (విక్కా లాంటి ప్రకృతి దేవతల మతాలన్నిటికీ కలిపి వాడే పేరు) అని రాశారు. ఇక్కడి జైళ్లలో ఖైదీల కోసం పేగన్ మతగురువులు కూడా ఉన్నారు. దాక్కుని చేసే వ్యవహారం కాదు.

గోదారి_గట్టు
మరి ఆ నక్షత్రం సంగతేంటమ్మా? మా కోడలు కూడా అదే అడిగింది.

కృష్ణతులసి
ఇది నేను చెప్తా, ఎందుకంటే నేనూ అదే పాటిస్తున్నా. హైదరాబాద్‌లో పుట్టా, ఇప్పుడు ఓరెగాన్‌లో ఉంటున్నా. అమ్మకి తెలుసు. నాన్నకి ఇంకా చెప్పలేదు.

ఐదు కోణాలు భూమి, నీరు, నిప్పు, గాలి, ఆత్మ. చుట్టూ ఉన్న చక్రం అవన్నీ కలిసే ఉంటాయని. పంచభూతాలు తెలిసినవాళ్లకి ఇది కొత్తగా ఉండాల్సిన పని లేదు. చర్చ్ ఆఫ్ సేటన్ వాళ్లది తలకిందుల నక్షత్రం, మధ్యలో మేక తల. రాధ గారింటికొచ్చినావిడది అది కాదు.

నా పూజ ఎలా ఉంటుందో చెప్తా. బట్టల బీరువా పక్కన చిన్న బల్ల, మీద గుడ్డ. ఉత్తరం వైపు గిన్నెలో ఉప్పు, పడమర నీళ్లు, దక్షిణాన కొవ్వొత్తి, తూర్పున అగరొత్తి. నల్ల పిడి కత్తి ఒకటి ఉంటుంది. దానికి పదునుండదు, దానితో వంకాయ కూడా కొయ్యం. పూజకి ముందు చుట్టూ గాల్లో వలయం గీయడానికి మాత్రమే. పౌర్ణమికి చేసుకుంటా, ఏడాదిలో ఎనిమిది పండగలు. అక్టోబరు 31న వచ్చే సావిన్ పెద్దలకి. ఆ రాత్రి తాతమ్మ ఫొటో ముందు పళ్లెంలో అన్నం, పప్పు, ఆవిడకి ఇష్టమైన దొండకాయ వేపుడు పెడతా. బలి లేదు, రక్తం లేదు. ఎవరికీ హాని చెయ్యకుండా నీకు తోచింది చెయ్యి అన్నది మూల సూత్రం. చేసింది మూడింతలై తిరిగొస్తుందని మాలో చాలామంది నమ్మకం. అలాంటి నమ్మకం ఉన్న మనిషి పక్కింటి పిల్లల మీద ప్రయోగం చేస్తుందా?

మిడ్లోథియన్_రాధ
తులసీ, దీన్ని గ్రూపులో పెట్టొచ్చా? నీ పేరు రాయను.

కృష్ణతులసి
ఊరి పేరు కూడా తీసేసి పెట్టండి.

సత్యాన్వేషి
ఒక మాట నిక్కచ్చిగా చెప్తా, ఎవరూ నొచ్చుకోకండి. విక్కన్లు మంత్రం వేస్తే పని జరుగుతుందని నమ్ముతారు. మంచి మంత్రం పనిచేస్తుంది అని ఒప్పుకుంటే చెడ్డ మంత్రమూ పనిచేస్తుందని ఒప్పుకున్నట్టే. చేతబడి భయం పుట్టేది అక్కడే. వాళ్ల హక్కు కోసం మీతో కలిసి నిలబడతా, ఆ నమ్మకాన్ని మాత్రం వెనకేసుకు రాను.

కృష్ణతులసి
మీతో నాకు పేచీ లేదు. ఉద్యోగం రావాలని కొవ్వొత్తి వెలిగించుకున్నా, అదే రోజు రెజ్యూమేలు కూడా పంపా. మీరు నమ్మాలని అడగట్లేదు. మంత్రాన్నే లెక్కలోకి తీసుకోని వాళ్లూ విక్కాలో ఉన్నారు, వాళ్లకి ఋతువులూ దేవీ చాలు.

సంగారెడ్డి_సిస్టర్
సత్యాన్వేషి అన్న చెప్పింది సగమే. నేను సర్కారు దవాఖానల నర్సును. మా దిక్కు బాణామతి చేసిండ్రని పట్టుకొచ్చినోళ్లల్ల ఒక్కరు గూడ ఏం చేసినోళ్లు లేరు. చేసేదంతా భయపడ్డోళ్లే చేస్తరు. ఒక ముసలామెను తీస్కొచ్చిండ్రు. ముందర పండ్లన్నీ పటకారుతోని పీకిండ్రు. పండ్లు లేకుంటె మంత్రానికి నోరు తిరగదట. నేను చిగుర్లల్ల దూది పెడ్తుంటె ఆమె గదే అడుగుతుంది, నా మనుమడు ఏడున్నడు బిడ్డా అని. ఎవలింట్లనో పిల్లగానికి జరం తగ్గకపోతె ఈమె పేరు పెట్టిండ్రు. మొగడు లేడు, జరంత పొలం ఉన్నది, ఆ పొలం మీద చుట్టాల కన్నున్నది. గంతే కథ.

నేర రికార్డుల బ్యూరో హత్యల కారణాలల్ల మంత్రాలకు వేరే గడి పెట్టి ఏటా లెక్క రాస్తది. బిహార్ల 1999ల, జార్ఖండ్ల 2001ల దీనికోసమే చట్టాలు తెచ్చిండ్రు. రాధక్కా, మీ గ్రూపుల "చేతబడి చేస్తది" అని రాసినోళ్లకు ఇది చూపెట్టు. మీ దగ్గర ఆ మాటకు పుట్టినరోజుకు పిల్లలు రారు. మా దగ్గర అదే మాటకు పాణం పోతది.

గోదారి_గట్టు
చదువుతుంటే కడుపులో దేవినట్టయిందమ్మా. మా వైపు దీన్ని చిల్లంగి అంటారు. మా చిన్నప్పుడు వీధి చివర ఒంటరిగా ఉండే ఒకావిణ్ణి ఆ పేరుతోనే పిలిచేవారు. ఆవిడ ఇచ్చిన జామకాయ తినొద్దని మా అమ్మమ్మ చేతిలోంచి లాగేసింది.

బుల్లెట్_బాబాయ్
ఊళ్లో ముసలామెకి అన్యాయం జరిగింది, కాదన్ను. కానీ అమెరికా ఆవిడ తనే మంత్రగత్తెనని చెప్పుకుంటోందిగా! వెనకటికి అమెరికాలోని సేలం ఊళ్లో మంత్రగత్తెలని అంతమందిని కాల్చేశారంటే ఏదో లేకుండా ఉంటుందా?

లీడ్స్_లక్ష్మి
సేలంలో ఒక్కర్నీ కాల్చలేదు బాబాయ్ గారూ. 1692లో 19 మందిని ఉరి తీశారు. జైల్స్ కోరీ అనే ముసలి రైతుని విచారణకి ఒప్పుకోనన్నందుకు గుండెల మీద బండలు పేర్చి చంపారు. అందరూ ఆ చుట్టుపక్కల ఊళ్ల క్రైస్తవులే. చర్చిలో పక్క పక్క బెంచీల మీద కూచున్నవాళ్లే. మీరన్న ఆ "ఏదో" పిల్లల మూర్ఛలూ, భూమి తగాదాలూ, పాత కక్షలూ. సిస్టర్ చెప్పిన కథకీ దీనికీ తేడా ఎక్కడుంది?

మాకు దగ్గర్లోనే పెండిల్ కొండ ఉంది. 1612లో ఆ చుట్టుపక్కల వాళ్లని పది మందిని ఉరేశారు. తొమ్మిదేళ్ల పిల్ల కోర్టులో బల్ల మీద నిలబడి కన్నతల్లి మీద సాక్ష్యం చెప్పింది. స్కాట్లండులో అయితే అప్పటి ఫస్ట్ మినిస్టర్ నికొలా స్టర్జన్ 2022 మార్చి 8న అలా చచ్చిపోయినవాళ్లకి ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పింది.

ఇంకో సంగతి. యూరప్‌లో 90 లక్షల మంది మంత్రగత్తెల్ని చంపారని విక్కన్లలో కొందరు చెప్తుంటారు. అది తప్పుడు లెక్క. చరిత్రకారులు ఎక్కువమంది చెప్పేది 40 వేల నుంచి 60 వేలు. ఆ సంఖ్య చాలదా? పెంచి చెప్తే అసలు జరిగింది కూడా ఎవరూ నమ్మరు.

కృష్ణతులసి
లక్ష్మి గారితో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తా. అప్పట్లో చంపింది వేల ఏళ్ల నుంచీ రహస్యంగా నడిచిన ఒక పాత మతం వాళ్లనే అని మార్గరెట్ మర్రే 1921లో రాసింది, చరిత్రకారులు దాన్ని ఎప్పుడో పక్కన పెట్టేశారు. మా కూటముల్లో ఈ మాట అంటే ఇప్పటికీ కొందరికి కోపం వస్తుంది. కొత్త మతం అయినంత మాత్రాన అబద్ధపు మతం అయిపోదు అని నేనంటాను.

ధర్మో_రక్షతి
అదేనండీ నా బాధ. నిన్నగాక మొన్న పుట్టినదాన్ని సనాతన ధర్మంతో సమానం చేసి మాట్లాడుతున్నారు. పంచభూతాలు, పితృదేవతలు మనవి. వాళ్లు అక్కడోటి ఇక్కడోటి ఏరుకుని అతికించుకున్నారు.

గోదారి_గట్టు
బాబూ, పెద్దలకి అన్నం పెట్టడం మన ఒక్కరి సొత్తా? లోకం అంతా పెడుతుంది. సమానమా కాదా అని ఇక్కడెవరూ తూకం వెయ్యట్లేదు. ఒక పిల్లని పుట్టినరోజుకి పిలవాలా వద్దా అని మాట్లాడుతున్నారు.

తెనాలి_దాసు
నేను పాస్టర్ గారి అబ్బాయిని. నా విశ్వాసం ప్రకారం మంత్రవిద్య తప్పు, దాచుకోను. కానీ బైబిల్లో నిర్గమకాండం 22వ అధ్యాయంలో "మంత్రగత్తెను బ్రతకనియ్యకూడదు" అన్న ఒక్క వాక్యం పట్టుకుని యూరప్‌లో ఎంతమందిని చంపారో చదివాక, ఆ వాక్యాన్ని మనుషుల మీదికి విసిరేవాళ్లని చూస్తే నాకు భయం. మా ఊళ్లో నాన్న ప్రార్థన కూటం పెడితే మతం మారుస్తున్నాడని మైకు లాక్కుని బురదలో పడేశారు. ఆ రోజు మా చెల్లి స్కూల్లో ఒంటరిగా కూచుని అన్నం తింది. కాబట్టి ఆ అమ్మాయికి ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్లతో నాకు పడని విషయాలు వాళ్లతోనే కూచుని మాట్లాడుకుంటా, వెనకాల వాట్సాప్‌లో కాదు.

ధర్మో_రక్షతి
దాసు గారూ, మైకు లాక్కోవడం తప్పే. నేను సమర్థించను.

లా_పాయింట్
రాధ గారూ, మీరు మిడ్లోథియన్ అంటే వర్జీనియాలో చెస్టర్‌ఫీల్డ్ కౌంటీ కదా. ఈ గొడవ మీ కౌంటీలోనే కోర్టుకెక్కింది. అక్కడ బోర్డ్ ఆఫ్ సూపర్వైజర్స్ (కౌంటీని నడిపే సభ) మీటింగు మొదలయ్యే ముందు ఒక మతగురువు ప్రార్థన చేసే ఆనవాయితీ ఉంది. 2002లో ఒక విక్కన్ పూజారిణి నా పేరు కూడా జాబితాలో చేర్చండి అని అడిగింది. కౌంటీ అటార్నీ కుదరదని రాసిచ్చారు. కారణం ఏంటంటే, ఆ ప్రార్థనలు యూదు, క్రైస్తవ సంప్రదాయానికి సరిపడే దేవుడికి చేసేవట. జిల్లా కోర్టులో ఆవిడ గెలిచింది, 2005లో ఫోర్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టులో ఓడిపోయింది, సుప్రీంకోర్టు కేసు తీసుకోలేదు. సింప్సన్ వర్సెస్ చెస్టర్‌ఫీల్డ్ కౌంటీ.

ధర్మో_రక్షతి గారూ, ఆ కారణం ఇంకోసారి చదవండి. ఆ మాట ప్రకారం విక్కన్ల దేవి గడప బయట ఉంటే, మన లక్ష్మీదేవి ఎక్కడుంటుంది?

ధర్మో_రక్షతి
ఈ కేసు సంగతి నాకు తెలీదు. చదువుతాను.

ఫీనిక్స్_పద్మ
2007 జులై 12న అమెరికా సెనేట్‌లో రాజన్ జెడ్ గారు మొదటిసారి హిందూ ప్రార్థన చదువుతుంటే గ్యాలరీలోంచి కేకలు వేసి ఆపబోయారు. ముగ్గుర్ని అరెస్టు చేశారు. అప్పుడు మనవాళ్లందరం ఎంత మండిపడ్డామో గుర్తుందా?

అదే ఏడు ఏప్రిల్‌లో ఇంకోటి జరిగింది, మనలో చాలామంది గమనించలేదు. మా తమ్ముడు అమెరికా ఆర్మీలో ఉన్నాడు కాబట్టి నాకు తెలిసింది. పాట్రిక్ స్టీవర్ట్ అని నెవాడా నేషనల్ గార్డ్ సార్జెంట్, 2005 సెప్టెంబరులో అఫ్గానిస్తాన్‌లో హెలికాప్టర్ కూల్చేస్తే పోయాడు. విక్కన్. సైనికుల సమాధి ఫలకాల మీద శిలువ ఉండొచ్చు, దావీదు నక్షత్రం ఉండొచ్చు, నెలవంక ఉండొచ్చు, నాస్తికుల గుర్తు కూడా ఉండొచ్చు. ఈ ఐదు కోణాల నక్షత్రం మాత్రం అనుమతించిన జాబితాలో లేదు. దేశం కోసం చచ్చిపోయిన మనిషి పేరు పక్కన ఆయన మతం గుర్తు చెక్కడానికి ఆయన భార్య కోర్టుకెళ్లాల్సి వచ్చింది. 2007 ఏప్రిల్‌లో ప్రభుత్వం రాజీకొచ్చి గుర్తుని జాబితాలో చేర్చింది.

అంతకుముందు 1999లో టెక్సస్‌లోని ఫోర్ట్ హుడ్‌లో విక్కన్ సైనికులు పూజ చేసుకుంటున్నారని తెలిసి కాంగ్రెస్ సభ్యుడు బాబ్ బార్ ఆపించాలని చూశాడు. అప్పుడు టెక్సస్ గవర్నరుగా ఉన్న జార్జ్ బుష్, మంత్రవిద్య ఒక మతం అని నేననుకోవట్లేదు అన్నాడు. ఆ మనిషే తర్వాత అధ్యక్షుడయ్యాడు, స్టీవర్ట్ చనిపోయింది ఆయన పంపిన యుద్ధంలోనే. నాకు అది తలుచుకుంటే ఇప్పటికీ రక్తం మరుగుతుంది.

వరంగల్_పోరడు
బాబాయ్ "నిప్పు లేందే పొగ రాదు" అన్నడు గద, దానికి జవాబు ఇదిగో. 1993ల ఆర్కాన్సాల వెస్ట్ మెంఫిస్ అనే ఊర్ల ముగ్గురు చిన్న పోరగాళ్లను చంపేసిండ్రు. సైతాను పూజ అని పుకారు లేచింది. ముగ్గురు కుర్రోళ్లను పట్టుకున్నరు. అండ్ల ఒకడు నల్లబట్టలు వేస్తడు, హెవీ మెటల్ పాటలు వింటడు, విక్కా పుస్తకాలు చదువుతడు. కోర్టుల గదే సాక్ష్యం లెక్క చెప్పిండ్రు. వానికి 1994ల మరణశిక్ష. ఘటనాస్థలంల దొరికిన డీఎన్ఏ వాళ్లది కాదని తేలినంక, 2011ల ముగ్గుర్నీ ఇడిసిపెట్టిండ్రు. అది గూడ కడిగిన ముత్యంలెక్క కాదు, మేం నిర్దోషులమే అని చెప్పుకుంటనే నేరం ఒప్పుకున్నట్టు సంతకం పెడితే ఇడిసిండ్రు. పద్దెనిమిదేండ్లు జైల్ల గడిచిపోయినయ్. పొగంత జనం పెట్టిందే బాబాయ్.

బుల్లెట్_బాబాయ్
పద్దెనిమిదేళ్లా! ఇది నాకు తెలీదు పోరడా. సామెత సంగతి పక్కన పెట్టు. నా మనవరాలైతే నేను పంపుతానా అని ఆలోచిస్తున్నా. ఆ తల్లితో ఒకసారి మాట్లాడి పంపుతానేమో.

మిడ్లోథియన్_రాధ
బాబాయ్ గారూ, నేను అడుగుతున్నది కూడా అంతే. ఒకసారి మాట్లాడండి. మనిషితో మాట్లాడకుండా పేరు పెట్టొద్దు.

తులసి రాసింది గ్రూపులో పెట్టాను. ఇద్దరు ఫోన్ చేసి సారీ చెప్పారు. ఒకావిడ గ్రూపు వదిలేసింది. ఇవాళ ఇంకో కొత్త సంగతి తెలిసింది. ఆ పిల్ల కూడా అలాంటి చిన్న లాకెట్ వేసుకుంటుంది. నిన్న స్కూల్లో ఒక టీచర్ దాన్ని లోపల దాచుకో, లేకపోతే తీసెయ్ అందట. పక్కనే శిలువ వేసుకున్న పిల్లలున్నారు, వాళ్లనేమీ అనలేదు. వాళ్లమ్మ గొడవ పెట్టుకోవాలంటే భయపడుతోంది. విడాకుల కేసు నడుస్తోంది, ఇది బయటికొస్తే పిల్లని తన దగ్గర ఉంచరేమో అని.

లా_పాయింట్
ఆ భయం ఉత్తినే పుట్టింది కాదు. ఇండియానాలో ఒక విడాకుల కేసులో తల్లీ తండ్రీ ఇద్దరూ విక్కన్లే, ఈ విషయంలో ఇద్దరికీ తగాదా కూడా లేదు. అయినా జడ్జి తనంతట తనే, కొడుక్కి ఇలాంటి నమ్మకాలు, పూజలు చూపించొద్దని ఆర్డర్ వేశాడు. 2005లో అక్కడి అప్పీళ్ల కోర్టు దాన్ని కొట్టేసింది. పిల్లకి హాని జరుగుతోందని రుజువు లేకుండా తల్లి మతంలో కోర్టు వేలు పెట్టకూడదు. ఆవిడ తన విడాకుల లాయరుకి ఈ విషయం ముందే చెప్పాలి. అవతలివాళ్లు బయటపెట్టేదాకా ఆగకూడదు.

విక్కా మతమే కాదు అని ఎవరైనా అంటే, డెట్మర్ వర్సెస్ లాండన్, 1986, ఇదే ఫోర్త్ సర్క్యూట్. వర్జీనియా జైల్లో ఒక ఖైదీ పూజకి కొవ్వొత్తులు, ఉప్పు, తెల్లటి అంగీ అడిగాడు. భద్రత పేరుతో ఆ సామాన్లు ఇవ్వనన్నారు గానీ, విక్కా మతమే, రాజ్యాంగ రక్షణ దానికీ ఉంటుంది అని కోర్టు తేల్చి చెప్పింది.

స్కూలు సంగతి. మిషిగన్‌లో లింకన్ పార్క్ హైస్కూలు ఈ నక్షత్రం వేసుకోవద్దంటే ఒకమ్మాయి తరఫున ఏసీఎల్‌యూ అనే పౌరహక్కుల సంస్థ కోర్టుకెళ్లింది, 1999లో స్కూలు వెనక్కి తగ్గింది. కాబట్టి ముందు కోర్టు దాకా పోనక్కర్లేదు. ప్రిన్సిపాల్‌కి ఈమెయిల్ పెట్టాలి, నోటిమాటగా వద్దు. ఏ రోజు, ఏ పీరియడు, టీచర్ సరిగ్గా ఏమన్నారు, మిగతా పిల్లల మెళ్లో ఏమున్నాయి, అంతే రాయాలి. కోపం ఒక్క ముక్క రాయొద్దు. మీ డ్రెస్ కోడ్‌లో మతపరమైన నగల గురించి ఏముందో పంపండి అని అడగాలి. జవాబు రాకపోతే అదే ఈమెయిల్ స్కూలు డిస్ట్రిక్టుకి. చాలాసార్లు అక్కడితో సర్దుకుంటుంది.

మిడ్లోథియన్_రాధ
ఇవాళే వాళ్లింటికెళ్లి ఆవిడతో కూచుని రాయిస్తా. మతం గురించి ఎంతవరకు రాయాలి?

లా_పాయింట్
ఒక్క వాక్యం చాలు. ఇది మా మత చిహ్నం అని. వివరణ, సంజాయిషీ ఏమీ వద్దు. శిలువ వేసుకున్న పిల్లని ఎవరూ వివరణ అడగరు.

తెనాలి_దాసు
రాధ గారూ, ఆవిడ ఒప్పుకుంటే ఇంకోటి చెయ్యొచ్చు. ఆ స్కూల్లో శిలువ వేసుకునే పిల్లల తల్లిదండ్రులు ఒకరిద్దరు "మా పిల్లల్ని ఎవరూ తీసెయ్యమనలేదు" అని విడిగా ఒక ఈమెయిల్ పెడితే బలం వస్తుంది. రిచ్‌మండ్ దగ్గర నాకు తెలిసిన తెలుగు క్రైస్తవ కుటుంబం ఒకటుంది, వాళ్ల పాప మీ కౌంటీలోనే చదువుతోంది. ఏ స్కూలో కనుక్కుంటా.

కృష్ణతులసి
ఈమెయిల్ పంపేముందు ఆవిడకి ఇష్టమైతే నాకు ఒకసారి చూపించండి. నేను ఆఫీసులో ఇలాంటిదే రాయాల్సి వచ్చింది, ఆ పాత కాపీ నా దగ్గరుంది. ప్రైవేటు మెసేజ్‌లో పంపుతున్నా.